పల్లమెరిగిన ఉల్లిపాయ

సాఫ్ట్‌వేర్‌కి నేలంటే సున్నా.
కొత్త గది తెరవగానే
తెల్లటి చదును ఒకటి పరిచిపెడుతుంది,
ఇంకా ఎవరూ ఏమీ ఒలకబోయని చదును.
దాని మీద గోడలు లాగుతాను, కిటికీ అతికిస్తాను,
సోఫాని ఒక్క వేలితో తిప్పుతాను.
ఎండ ఎటు నుంచి రావాలో కూడా అడుగుతుంది పాపం,
నేల ఎటు ఒరిగిందో మాత్రం అడగదు.

వల్పరైసోలో, ఈ కొండ మీద నిలబడి చూస్తే
చదునైనది సముద్రం ఒక్కటే.
అదీ దూరం కాబట్టి.

దోన్యా ఎర్మిందా ఇంటికి నూట పన్నెండు మెట్లు.
రేకుల గోడలకి ఓడలకి వేయగా మిగిలిన రంగు:
సగం దాకా పసుపు,
డబ్బా అయిపోయిన చోటి నుంచి నీలం.
లేజర్ పెట్టి కొలిచాను.
తలుపు నుంచి కిటికీ దాకా వచ్చేసరికి
నేల నాలుగు వేళ్లు దిగిపోయింది.
మంచం కోళ్ల కింద చెక్కముక్కలు,
బల్ల కింద మడతపెట్టిన పాత కరెంటు బిల్లులు,
స్టవ్ కాలి కింద ఒక డొమినో పలక, డబుల్ ఆరు.
"దీని కోసమే ఆట ఆగిపోయింది" అందావిడ.
"ఎక్కడుందో తెలుసు. తీస్తే సూపు ఒలుకుతుంది."

డబ్బు కట్టి నేర్చుకున్న ఆన్‌లైన్ పాఠం
మెట్లెక్కుతున్నంతసేపూ చెవిలోనే ఉంది:
సగం ముందే పుచ్చుకో.
మూడోసారి మార్చమంటే రేటు చెప్పు.
కొలతలున్న బొమ్మ చూపించు, చేతికివ్వకు.
క్లయింటు బాధ ఎక్కడుందో వ్యాపారం అక్కడుంది, కనిపెట్టు.
కనిపెట్టాను.
జాకీలు, దూలాలు, కొత్త పలకలు, కూలీ,
షీటులో తొమ్మిది వరసలు,
అడుగున మొత్తం.
కళ్లజోడు తుడుచుకుని నేనే రెండోసారి చూసుకున్న మొత్తం.

టాబ్లెట్ ఆవిడ చేతిలో పెట్టి
ఇంటిని గిర్రున తిప్పి చూపించాను.
దీపాలు వెలిగించి చూపించాను, ఆర్పి చూపించాను.
చాలాసేపు చూసింది.
"బాగుంది, యస్నా. ఎవరిల్లు?"

లేచి, బుట్టలోంచి ఉల్లిపాయ తీసి
గుమ్మం దగ్గర నేల మీద వదిలింది.
అదేమీ తొందరపడలేదు.
కుర్చీ కాలిని రాసుకుంది,
చాప అంచు దగ్గర కాస్త ఆలోచించింది,
తర్వాత తెలిసిన వీధిలో నడిచినట్టు
కిటికీ కింది మూలకి పోయి ఆగింది.
అక్కడ ముందే ఉన్నాయి
రెండు బొత్తాలు, ఒక బీపీ మాత్ర,
కమ్మ శీల, ఎండిపోయిన నారింజ.
"రాత్రి ఏది జారినా వెతకను.
పొద్దున్నే ఆ మూలకెళ్లి తెచ్చుకుంటాను.
నువ్వు చదును చేస్తే
నా సామానుకి ఎటు పోవాలో తెలియదమ్మాయ్."

నీరు పల్లమెరుగు, సరే.
ఉల్లిపాయ కూడా ఎరుగునని
ఏ పాఠంలోనూ లేదు.

ఏటవాలు లిఫ్టులో కిందికి దిగాను, ఒళ్లో ల్యాప్‌టాప్.
ఆ రాత్రి తెర మీద నేలని వంచబోయాను.
ఒప్పుకోలేదు.
అందుకని మిగతావన్నీ వంచాను,
గోడలు, తలుపు, పైకప్పు, కప్పుకి వేలాడే దీపం.
చివరికి కిటికీలో సముద్రం ఒరిగింది.
అప్పుడు గుర్తుపట్టాను ఆ ఇంటిని.

తొమ్మిది వరసలు మూడయ్యాయి:
సామాను కాళ్లకి, కొలిచి చెక్కిన మంచి చెక్క ముక్కలు.
స్టవ్ ఎగువ గోడకి.
దిగువ మూలలో, నేలబారుగా,
లోపల ఉన్ని గుడ్డ అతికించిన ఒక చిన్న అర.
పాఠం చెప్పినాయన చూస్తే తల పట్టుకునేవాడు.
కొలతల బొమ్మ కూడా ఇచ్చేశాను,
వడ్రంగికి కావాలి కదా.

స్టవ్ జరిపిన రోజు డబుల్ ఆరు పైకి వచ్చింది,
ఒక పక్క జిడ్డు, ఒక పక్క తెలుపు.
గీకి, తుడిచి, పెట్టెలో మిగతా ఇరవై ఏడింటి పక్కన పెట్టి
ఆవిడ నా వైపు చూసింది.
ఆట రాదన్నాను.
నేర్పుతానంది.
పందెం సగం ముందే పుచ్చుకుంది.